అమ్మ చేతి కణుపులు

"ఆపు బావా. ముందుగాల ఆ మగ్గం ఆపు."

చిన్నయ్య గడప దాటలేదు. చెప్పులు విప్పలేదు. అతని వెనక, వీధిలో, ఆటో ఇంకా గుడగుడమంటూనే ఉంది.

తిమ్మప్ప మగ్గం ఆపలేదు. అది దానంతటదే ఆగింది. ఎడమ పక్క నుంచి, అడ్డపోగును మోసే అంచు నాడె విసరాల్సిన కూతురు పూజ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. గద్వాల అంచు చీర ఒక్క మనిషి చేతిలో నడిచేది కాదు. ఒకరు ఆగితే ఇద్దరూ ఆగినట్టే.

మగ్గం గుంతలో తండ్రి కాళ్ళ పక్కన కూతురి కాళ్ళు. పాదాలకు కొత్త పసుపు.

తిమ్మప్ప భార్య జోగులమ్మ, తమ్ముడు చిన్నయ్యను పక్కకు జరిపి లోపలికి వచ్చింది. మగ్గం గది రెండు మెట్లు కిందికి ఉంటుంది. గోడ పట్టుకుని, పక్కవాటుగా, ముందు కుడికాలు దించి, దాని దగ్గరికి ఎడమకాలు చేర్చి, మళ్ళీ కుడికాలు దించింది. దిగేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆమె మెట్లు దిగుతుంటే మాట్లాడకపోవడం ఎప్పటి నుంచో అలవాటు.

తమ్ముడి కొడుకు పుట్టువెంట్రుకల పండుగకు అలంపూర్ పోయిన మనిషి. ఇంకా ఉండి వస్తానన్నది. కీళ్ళు నిలువనియ్యక తమ్ముణ్ణి తోడు తీసుకుని ముందే బయల్దేరింది. వీధి మొగలో ఉండగానే చప్పుడు విన్నది. ఒంటి చేతి చప్పుడు కాదు, జంట చప్పుడు. సంచి దించబోతున్న ఆటో మల్లేశ్‌ను చేత్తోనే వారించింది. "దించకు. మళ్ళ బస్టాండుకే పోవాలె" అన్నది.

పూజ గుంతలో కాలు పెట్టిన దినం తాను ఈ ఇంట్లో ఉండనని ఆమె వీధి వీధంతా వినేలా అన్న మాట. మాట అన్నాక నిలబడాలి గదా.

"నాడె ఎవరిచ్చిన్రు నీకు?" అని అడిగింది కూతుర్ని. గొంతులో కోపం లేదు. ఉప్పు అయిపోయిందా అని అడిగినట్టు అడిగింది.

"నాయినిచ్చిండు."

"అట్లనా."

వాళ్ళ ఇండ్లలో ఆడపిల్ల మొదటిసారి మగ్గం మీద కూర్చుంటే నాడె తల్లి చేతి నుంచే అందుకోవాలి. తల్లి పసుపు రాసి, కొంగులో పెట్టి, కొంగుతోనే అందించాలి. తల్లి లేని పిల్లకు మాత్రమే తండ్రి ఇస్తాడు.

"నేను సచ్చినన్నట్టేనా మరి?"

"ఏడాది సంది అడుగుతున్న అమ్మా. నువ్వియ్యవు. నూలు కండెలు చుట్టుకుంట కూసుండుమంటవు. నా ఈడు పిల్లలు అంచుల మీద నెమళ్ళు తిప్పుతుండ్రు. నేనెన్ని దినాలు కండెలు చుట్టాలె?"

"ఇయ్య. నా పానం పోయినా ఇయ్య. ఇగో, ఈ చేతులతోటి ఇయ్యమంటవా?"

జోగులమ్మ చేతులు చాపింది. వేళ్ళ కొసల దగ్గరి ప్రతి కణుపు మీదా రెండు పక్కలా జొన్నగింజంత బుడిపెలు. చూపుడువేలు కొస పక్కకు తిరిగిపోయి నడిమి వేలి వైపు చూస్తోంది. ఎన్నడో వేసుకున్న ఉంగరం కణుపు దాటి రాక సబ్బు రాసి, నూనె రాసి, చివరికి కంసాలి దగ్గర కోయించారు. ఆ వేలికి ఇంకా తెల్లటి గీత ఉంది.

"మా అమ్మ చేతులూ గిట్లనే అయినయ్. అన్నం కలుపుకోరాక చెంచతోటి తినేది. మగ్గం ఆమెను తిన్నది, నన్ను తిన్నది. ఇగ నిన్ను గూడ పెడ్తనా దాని నోట్ల?"

పూజ తల దించుకుంది. కాళ్ళు మాత్రం గుంతలోంచి తియ్యలేదు.

చిన్నయ్యకు ఇప్పుడు బలం వచ్చింది. అలంపూర్‌లో గుడి దారి మీద టెంకాయల దుకాణం నడుపుతాడు. పొద్దస్తమానం యాత్రికులను కేకేసి కేకేసి, మెల్లగా మాట్లాడటం మరిచిపోయిన మనిషి.

"చెప్పు బావా. మా అక్కను మీకిచ్చిననాడు ఆమె చేతులు గిట్లున్నయా? గుంతల తేమ గుంజుతది, పెందలాడ లెవ్వనియ్యి అని మా నాయిన చెప్తే విన్నవా? ఆమెను అరగదీసినవు. సాలలేదా? ఇప్పుడు పిల్లను గుంతల దించినవు. అదీ తల్లి ఊర్ల లేనప్పుడు, దొంగ లెక్క."

తిమ్మప్ప పడుగులో తెగిన పోగొకటి వెతుక్కుంటున్నాడు. దొరికింది. బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి నలిపాడు. అతుకు సరిగా పడిందో లేదో గోటితో చూసుకున్నాడు. తర్వాత, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"తప్పు నాదే."

ఈ మాట ఆ ఇంట్లో కొత్తది కాదు. మూడేండ్ల నుంచి వింటున్నదే. జోగులమ్మ తిట్టినప్పుడల్లా తప్పు నాదే అంటాడు. అని, లేచి ఆమె స్నానానికి నీళ్ళు తోడతాడు. ఆమె జడ తానే అల్లుతాడు. బోరింగు కాడ బట్టలు పిండుతుంటే వాడకట్టు ఆడవాళ్ళు నవ్వేవారు. ఎదురింటి చిలకమ్మ ముసలిదైతే, "తిమ్మప్పా, నీ అసొంటోన్ని మా ముసలోడు సూడకముందే పోయిండు, బతికిపోయిండు" అని పరాచికం ఆడేది. తర్వాత తర్వాత నవ్వడం మానేశారు. నవ్వినా ఉలకని మనిషిని చూసి ఎంతకాలమని నవ్వుతారు?

"తప్పని ఒప్పుకుంటే అయిపాయెనా? తప్పు తప్పనుకుంట మళ్ళ అదే తప్పు జేస్తివి!" చిన్నయ్య గడప మీద చెయ్యి కొట్టాడు. "అక్కా, లే. ఎక్కు ఆటో. వీళ్ళు నేసుకోని, ఇండ్లు కట్టుకోని. నా ఇంట్ల నీకింత ముద్ద ఉంటది."

"అన్నా, జల్ది తేల్చుకోన్రి!" వీధిలోంచి మల్లేశ్ కేక. "నిలబడ్డ ఆటో గూడ డీజిల్ తాగుతది, మనిషి లెక్కనే!"

"తాగనీ. నీ డీజిల్ నేను పోస్త, ఆపెయ్ దాన్ని!"

ఆ జవాబు చెప్పింది చిన్నయ్య కాదు. ఆటో పక్కనుంచి అమృతమ్మ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో నీళ్ళ సీసా, రెండు బత్తాయిలు. కొంగు రెండు భుజాల చుట్టూ కప్పుకుని ఉంది, ఎండ మాడుస్తున్నా సరే.

అమృతమ్మ జోగులమ్మకు చెల్లెలు, చిన్నయ్యకు అక్క. పాలు మరిచిన పిల్లగా ఉన్నప్పుడే నాగర్‌కర్నూల్‌లోని మేనత్తకు పెంపుడిచ్చారు. మేనత్తకు బట్టల దుకాణం. అమృతమ్మకు తెల్కపల్లిలో బట్టల దుకాణమున్న వాడితోనే పెండ్లి అయింది. గజం బద్ద పట్టుకున్నదే గాని నాడె పట్టిన చెయ్యి కాదు.

"నువ్వేందే గిట్లొచ్చినవ్?" అన్నది జోగులమ్మ.

"కర్నూలు పోయి వస్తున్న. అటు సీదా పోయేదాన్నే, నీకో ముచ్చట చెప్పాలని గద్వాల బస్సెక్కిన." అమృతమ్మ తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "తమ్మీ, నీ టెంకాయలు నీ గుడి కాడ గొట్టుకో. ఇక్కడ తలకాయలు గొట్టకు. వీధి మొగదాక ఇనొస్తుంది నీ గొంతు."

"నీకెరుక లేదక్కా. ఈయన పిల్లను మగ్గం మీద..."

"ఎరుకైంది. ఆటోయన చెప్పిండు. ఆయనకెట్ల ఎరుకైందంటే నువ్వు చెప్పినవు గదా, వీధికంత."

అమృతమ్మ గది మధ్యలో నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. అన్నా కింద కూర్చోగల మనిషి కాదు. అది మొదట ఎవరూ గమనించలేదు. మూలన ఉన్న ఇనుప కుర్చీ తానే జరుపుకుని, చేతుల మీద బరువు మోపి, మెల్లగా కూలబడింది.

జోగులమ్మ గమనించింది. అట్లా కూర్చోవడం ఆమెకు తెలుసు.

"మోకాళ్ళా?" అన్నది.

"మోకాళ్ళే గాదు."

అమృతమ్మ కొంగు తీసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

అక్కవి, చెల్లెవి పక్కపక్కన పెడితే ఏవి ఎవరివో గాజులు చూసి చెప్పాలి. అవే జొన్నగింజలు, కొసల దగ్గర. అదే చూపుడువేలు, అదే వైపు తిరిగి ఉంది.

చిన్నయ్య తొంగిచూశాడు. పూజ గుంతలోంచి సగం లేచింది.

జోగులమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. బుడిపె మీద బొటనవేలు పెట్టి నొక్కింది, పచ్చి చింతకాయ పండిందా అని చూసినట్టు. అమృతమ్మ ఇస్సుమన్నది.

"నీకెట్లొచ్చినయే? నువ్వు మగ్గం ఎక్కలేదు గద?"

"అదే ముచ్చట చెప్పొద్దామనే వచ్చిన."

ఎవరో నీళ్ళు తెచ్చి ఇవ్వాలి. ఎవరూ కదలలేదు. అమృతమ్మ తన సీసా తానే విప్పబోయింది. మూత తిరగలేదు. తిమ్మప్ప లేచి వచ్చి మూత తిప్పి ఇచ్చి, మళ్ళీ పోయి తన చోట కూర్చున్నాడు. ఇంట్లోకి వచ్చాక ఆమె అతని ముఖంలోకి చూసింది అప్పుడే. చూసి, ఒక క్షణం ఆగింది.

"నాకు రెండేండ్ల సంది ఉన్నయ్. దాచుకున్న. గిరాకులు రవిక గుడ్డ జూస్తరా, నా వేళ్ళు జూస్తరా? కొంగు కింద పెట్టుకుంటి. మొన్న మోకాలు ఉబ్బి కాలు కింద పెట్టరాలే. గప్పుడు పోయిన కర్నూలు. రక్తం దీసిండ్రు, ఫొటోలు దీసిండ్రు."

"ఏమన్నడు డాక్టరు?" అన్నాడు చిన్నయ్య.

"రెండు తీర్ల వాతాలుంటయంట తమ్మీ. ఒంట్ల మనల్ని కాసే కావలోళ్ళు ఉంటరంట. జ్వరమొస్తే, పుండైతే, వాళ్ళే కొట్లాడేది. ఒక తీరు వాతంల, ఆ కావలోళ్ళకు మతి పోయి, మన కీళ్ళనే దొంగలనుకోని పొడుస్తరంట. అది రక్తంల కనపడ్తది. నాకది లేదన్నడు."

"మరి?"

"మనది రెండోది. కీలు నడుమ గుజ్జుంటది సూడు, అది అరుగుతది. అరిగి పొట్టు రాల్తది. ఆ పొట్టు జూసి కావలోళ్ళు లేస్తరు. దొంగలు గాదు, పొట్టే. అయినా లేస్తరు, మంట వెడ్తరు. గందుకే ఉబ్బు, గందుకే వేడి. ఆ మంటకు ఇంకింత అరుగుతది."

"అరుగుడే గద! పనికి అరుగుతది. నేనన్నది అదే!" చిన్నయ్య ముఖం వెలిగింది.

"ఆగు తమ్మీ. నేను డాక్టరు తోటి అదే అన్న. సారూ, మా అక్క మగ్గం మీద కూసుని అరిగింది, నేను మెత్త మీద కూసుని బట్ట గొలుస్త, నాకెందుకు అరగాలె అని. నవ్విండు. గుజ్జు ఎంత గట్టిగుంటది, కావలోళ్ళు ఎంత తొందరగ కట్టెలు దీస్తరు, ఇదంత తల్లిదండ్రుల రక్తంలకెల్లి వస్తదంట. వేళ్ళ కొసలకు గిట్ల లేసేది మరీను. తల్లికెల్లి బిడ్డలకు, బిడ్డలకెల్లి వాళ్ళ బిడ్డలకు. మీ అమ్మకుండెనా అన్నడు. ఉండె అంట, మా అక్క చెప్పేది అన్న. అయితే ఇంకేందమ్మా అన్నడు."

అంతే చెప్పి ఊరుకుంటే బాగుండేదేమో. అమృతమ్మ ఊరుకునే మనిషి కాదు.

"పని తొందర పెడ్తదంట, లేదనలే. కానీ పుట్టించేది పని గాదంట. ఎదురింటి చిలకమ్మను జూడు, అక్కా. పెండ్లైన నాటి సంది మగ్గం మీదనే ఉంది. ఎట్లున్నయ్ ఆమె వేళ్ళు? తీగల లెక్కున్నయ్."

నిజమే. చిలకమ్మ వేళ్ళు ఆ వీధిలో అందరూ చూసినవే. ఇంటింటా మగ్గమే ఉన్నప్పుడు, చెయ్యి వంకరపోతే మగ్గం మీదికే పోతుంది మనసు. మగ్గం ఎక్కనిదాని చెయ్యి చూడాలని ఎవరికి తోస్తుంది? ఆ ఇంటి ఆడవాళ్ళలో మగ్గం ఎక్కనిది ఒక్కతే, దాన్నీ పెంపుడిచ్చారు.

జోగులమ్మ చెల్లెలి చెయ్యి వదిలేసింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. గోడ వైపు చూస్తూ నిలబడింది. మునుపు మోకాళ్ళకు సూది వేసినప్పుడు చాలాసేపటిదాకా తొడ తనది కానట్టు ఉండేది. ఇప్పుడు ఒళ్ళంతా అట్లే ఉంది.

మూడేండ్లుగా ఆమెకు ఒక శత్రువు ఉన్నది. గుంత. ఆ గుంతను తవ్విన మనిషి. ఇప్పుడు గుంత ఉత్త గుంత.

పూజ అక్కడ ఉంది. పూజ చేతులు అక్కడ ఉన్నాయి, అంచు మీద, సన్నగా, పసుపుగా. జోగులమ్మ వాటి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి గోడ మీది క్యాలెండరు చూసింది.

"అంటే నాకెల్లి దానికి పోతదా?" అన్నది.

"పోతదని రాత లేదక్కా. పోవచ్చు, పోకపోవచ్చు. అందరికీ రాదు."

"నేనిచ్చేది నాడె గాదన్నట్టు."

అమృతమ్మ బత్తాయిల కవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

చిన్నయ్య, "అట్లయితే... బావను అనుడు..." అని మొదలుపెట్టి, ఎటూ కాని చోట ఆపాడు. చెప్పులు విప్పి గోడకు పెట్టాడు. ఇప్పుడు విప్పి ఏం లాభమో అతనికే తెలియదు.

"బావను ఎవరన్నరు?" అమృతమ్మ మెల్లగా అన్నది. "బావ తన్ను తానే అన్పించుకున్నడు."

తిమ్మప్ప చెయ్యి మగ్గం అచ్చు మీద ఆగింది. "అమృతా, ఇడ్సిపెట్టు."

"ఎట్ల ఇడ్వాలె బావా? ఈ ముచ్చటకే నేను దిగింది." ఆమె అక్క వైపు తిరిగింది. "డాక్టరుకు నీ పేరు చెప్పంగనే ఎరుక పట్టిండక్కా. గద్వాల నేతాయన భార్యనా, ఆయనకు అప్పుడే చెప్పిన గద అన్నడు. మరువకపోవుడు ఎందుకంటే, ఈయన చేతులు పట్టుకోని, 'సారూ, మా ఆడమనిషికి చెప్పకున్రి, మగ్గం పని ఎక్కువైందని నామీద పెట్టి చెప్పున్రి' అన్నడంట. తప్పు నెత్తిన ఎత్తుకుంటననే మనిషిని అంతకుముందు సూడలేదంట ఆ డాక్టరు."

మూడేండ్ల కింద కర్నూలు పోయిన ఆ దినం జోగులమ్మకు గుర్తుంది. లోపల గదిలో బల్ల మీద పడుకోబెట్టి మోకాలికి సూది వేస్తున్నారు. తలుపు సందులోంచి, బయట డాక్టరుతో మాట్లాడుతున్న తిమ్మప్ప వీపు కనిపించింది. బస్సులో అడిగింది ఏమన్నాడని. "గుంతల తేమంట. పనెక్కువైందంట. నాదే తప్పు" అన్నాడు. కిటికీ బయటికి చూస్తూ అన్నాడు.

అప్పటి నుంచే కదా తిట్టడం మొదలుపెట్టింది.

"ఎందుకు?" అన్నది.

తిమ్మప్ప నేర్పుగా మాట్లాడే మనిషి ఎప్పుడూ కాదు.

"నీకు చెప్తే ఏం జేసేదానివి?" అన్నాడు చివరికి. "మీ అమ్మను తలుసుకోని ఏడ్సెటిదానివి. తర్వాత పిల్లను జూసి ఏడ్సెటిదానివి. దాని చేతులు పట్టుకోని దినాము ఒత్తి సూసెటిదానివి. నన్ను తిడ్తే నాకేం బోతది? నేనెట్లయినా మొద్దునే."

"వాడకట్టంత నిన్ను తిట్టిన."

"తిట్టినవు."

"బోరింగు కాడ, అందరున్న కాడ, నా కీళ్ళు తిన్నోడా అన్న."

"అన్నవు. ఇన్న."

"ఇన్నవు. ఇని నీళ్ళు తోడినవు."

అతని మీద జాలి పుట్టాలి. ఆమె వెతికింది. దొరకలేదు. కోపం కోసం కూడా వెతికింది. అదీ దొరకలేదు. పెట్టెలో పెట్టిన బట్ట కోసం చెయ్యి పెడితే అడుగు తగిలినట్టు అయింది.

చిన్నయ్యకు కండ్ల నీళ్ళు తిరిగాయి. "బావా..." అని గుంత దగ్గరికి వచ్చి కాళ్ళు పట్టుకునేటంత పని చేశాడు. కాళ్ళు గుంతలో ఉన్నాయి కాబట్టి భుజం పట్టుకున్నాడు. "నీ అసొంటి మనిషిని నేను దొంగ అన్న..."

"నాయినా."

పూజ గుంతలోంచి పైకి వచ్చింది. చిన్నమ్మ వచ్చినప్పటి నుంచి మాట్లాడని పిల్ల. పసుపు పాదాలు మట్టి నేల మీద రెండు అచ్చులు వేశాయి.

"నాకు గూడ రావచ్చని నీకు మూడేండ్ల సంది ఎరుకేనా?"

చిన్నయ్య చెయ్యి తిమ్మప్ప భుజం మీదనే ఉండిపోయింది.

"ఎరుకే" అన్నాడు తిమ్మప్ప.

"పని తొందర పెడ్తదని గూడ చెప్పిండా డాక్టరు?"

"చెప్పిండు."

"పొద్దుగాల నాకు నాడె ఇచ్చినప్పుడు అది యాదికుండెనా?"

అతను జవాబు కోసం పడుగు వైపు చూశాడు, తెగిన పోగేదో దొరుకుతుందేమోనని. ఒక్కటీ తెగలేదు.

"నువ్వు ఇష్టపడ్తివి బిడ్డా. ఏడాది సంది అడుగుతుంటివి. అన్నం వండినా వచ్చేటిది వస్తదన్నడు ఆయన. మరి నీ ఇష్టం నేనెందుకు గుంజుకోవాలె? ఒంటి చేత్తోటి ఎన్నొద్దులు నెట్టాలె ఈ మగ్గం? జంటకు మనిషి దొరకక పోయినేడు సావుకారి పడుగు వాపస్ ఇస్తిమి..."

"నా ఇష్టం జూసినవ్ నాయినా. నాకు ఎరుక గావాల్సింది చెప్పలే."

అది అరిచి చెప్పి ఉంటే తట్టుకునేవాడు. అరవలేదు. తల్లి గొంతే. ఉప్పు అయిపోయిందా అని అడిగే గొంతు.

"నేను ఎక్కుదునో, ఎక్కకపోదునో. ఎరుకై ఎక్కితే అది నా ముచ్చట. అమ్మ మగ్గం వద్దన్నది, ఎందుకో ఆమెకే సరిగ తెల్వదు. నువ్వు సరే అన్నవ్, ఎందుకో నాకు చెప్పలే. ఇద్దరు నా చేతుల గురించే మాట్లాడిన్రు. నన్నొక్కలు అడగలే."

"బిడ్డా, నాయిన నీ మంచికే..." అన్నది అమృతమ్మ.

"చిన్నమ్మా, కర్నూలు మళ్ళెప్పుడు పోవాలె నువ్వు?"

"ఎల్లుండి రమ్మన్నడు, కాలికి పట్టీ..."

"నేను నీ తోటి తెల్కపల్లి వస్త. ఆడికెల్లి నీతోనే కర్నూలు పోత. నా ఒంటి ముచ్చట నేనే ఇంట."

అమృతమ్మ అక్క వైపు చూసింది, బావ వైపు చూసింది. అడ్డం చెప్పే హక్కు ఇద్దరిలో ఎవరికి మిగిలిందో ఆమెకు అర్థం కాలేదు. తాను చెప్పకుండా పోయి ఉంటే ఈ పూట చీర జానెడు నడిచేది.

పూజ లోపలికి పోయి రెండు జతల బట్టలు సర్దుకుని వచ్చింది. పాదాల పసుపు కడుక్కోలేదు. చెప్పులు వేసుకుంది.

"నేను గూడ వస్త" అన్నది జోగులమ్మ.

"నువ్వద్దమ్మా."

"డాక్టరు చెప్పేటప్పుడు..."

"నువ్వు నా పక్కన కూసుంటే ఆయన నీకు చెప్తడు, నాకు చెప్పడు. వద్దు."

పెద్దమాటలేం అనలేదు పూజ. గడప దాటేటప్పుడు తల్లి భుజం మీద జారిన కొంగు సర్ది పోయింది. అదొక్కటే.

చిన్నయ్య చెప్పులు మళ్ళీ వేసుకున్నాడు. "నేను వీళ్ళను బస్సెక్కించి పోత అక్కా. దుకాణం పిల్లగాండ్ల మీద ఇడ్సిపెట్టొచ్చిన..." అక్కను తీసుకుపోతానన్న మాట అతను ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ఆటో గుడగుడమని కదిలింది. వీధి మొగ తిరిగాక గాని జోగులమ్మకు తన సంచి అందులోనే ఉన్నదని తట్టలేదు. పిలవబుద్ధి కాలేదు.

ఇంట్లో ఇద్దరే మిగిలారు.

ఈ మూడేండ్లలో వాళ్ళిద్దరూ ఒంటరిగా మిగిలినప్పుడల్లా ఏదో ఒక మాట ఉండేది. ఆమె తిట్టేది, అతను తప్పు నాదే అనేవాడు. అది కూడా ఒక సంభాషణే. ఇప్పుడు ఆమె తిట్టలేదు, అతను అనలేడు. ఎదురింట్లో చిలకమ్మ మగ్గం కొట్టుకుంటోంది. జంట చప్పుడు.

తిమ్మప్ప అన్నం పెట్టుకొస్తానన్నట్టు లేవబోయాడు.

"కూసో" అన్నది జోగులమ్మ.

కూర్చున్నాడు.

ఆమె మెల్లగా ఇనుప కుర్చీ దగ్గరికి నడిచింది. చెల్లెలు కూర్చున్నట్టే, చేతుల మీద బరువు మోపి కూర్చుంది. మోకాళ్ళు సర్దుకునేదాకా ఆగింది. అతను మగ్గం దగ్గర, ఆమె కుర్చీలో. నడుమ, నేల మీద ఆరిపోతున్న రెండు పసుపు అచ్చులు.

"ఆ దినం తలుపు బయట సానసేపు నిలబడితివి. రెండు మాటలకు గంతసేపు పట్టదు."

తిమ్మప్ప పడుగు మీద లేని దుమ్ము దులిపాడు.

"నా ముచ్చట, పిల్ల ముచ్చట గాక, ఇంకేమన్న చెప్పిండా డాక్టరు?"

లేదు అనడానికి ఎంతసేపు కావాలి? పోగు అతికించేటంత కూడా అక్కరలేదు. తిమ్మప్ప ఆ మాట అనలేదు. గుంతలోంచి ఒక కాలు తీశాడు, తర్వాత రెండోది. పాదాలకు అంటిన మట్టి దులుపుకున్నాడు. వీధి వైపు ఒకసారి చూశాడు.

"చెప్పిండు. తలుపు జర దగ్గరికెయ్యి" అన్నాడు. అని, ఆమెకు లేవడం కష్టమని గుర్తొచ్చి, తానే లేచాడు.